రెవిట్‌లో కర్టెన్ వాల్ లోపలి ముఖం బయటికొచ్చింది, గ్రిడ్ కాలమ్స్‌కి కలవట్లేదు

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

అందరికీ నమస్కారం. రుషికొండ వైపు ఒక ఆఫీస్ బిల్డింగ్, జి ప్లస్ 5. తూర్పు ముఖం మొత్తం గాజు, అంటే కర్టెన్ వాల్ (ఫ్రేమ్‌లో గాజులు బిగించిన బయటి గోడ). మోడల్ రెవిట్ అనే బిల్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. పొడవు 34200, కాలమ్స్ 5700కి ఒకటి. గ్రౌండ్ ఫ్లోర్ ఎత్తు 4500, పై అంతస్తులు ఒక్కోటి 3600, పైన ప్యారపెట్ 1200. అన్నీ మి.మీ.లోనే చెబుతున్నాను.

స్టోర్‌ఫ్రంట్ టైప్‌ని డూప్లికేట్ చేసి, వర్టికల్ లేఅవుట్ ఫిక్స్‌డ్ డిస్టెన్స్ 1500 పెట్టాను, అంటే 1500కి ఒక నిలువు గ్రిడ్ గీత. మలియన్, అంటే గాజుల మధ్య ఫ్రేమ్ కడ్డీ, 50×150 (వెడల్పు×లోతు). ఇప్పుడు మూడు చిక్కులు:

ఒకటి, సెక్షన్‌లో చూస్తే మలియన్ క్యాప్ (బయట ఉండాల్సిన మూత పట్టీ) గదిలోకి పొడుచుకొచ్చింది. ప్యానెల్ (గడిలోని గాజు పలక) ఆఫ్‌సెట్ 60 ఇస్తే గాజు బయటికి రావాల్సింది పోయి స్లాబ్ అంచులోకి దూరింది.

రెండు, గ్రిడ్ గీతలు కాలమ్ సెంటర్ మీద పడట్లేదు. ఉత్తరం చివర 1200 ముక్క మిగిలిపోతోంది.

మూడు, ఎంట్రన్స్ దగ్గర ఆర్కిటెక్ట్ గారు 15 డిగ్రీల వాలు గీతలు అడిగారు. వాలు వస్తోంది గానీ అందులో డోర్ కూర్చోవట్లేదు.

గ్రిడ్ గీతలని కదలకుండా పట్టే పిన్‌లు తీసి ఒక్కొక్కటీ జరపడమేనా, ఇంకేదైనా దారి ఉందా?

రుషికొండ_బిమ్:

పిన్‌ల జోలికి ఇప్పుడే పోకండి. ముందు గోడ ముఖం, తర్వాత టైప్‌లో (ఆ రకం గోడలన్నిటికీ వర్తించే సెట్టింగ్స్) లేఅవుట్, ఆ తర్వాత ఇన్‌స్టాన్స్‌లో (ఆ ఒక్క గోడ సెట్టింగ్స్) జస్టిఫికేషన్ (గీతలు ఏ చివర్నుంచి మొదలవ్వాలో), ఆఫ్‌సెట్, అన్నిటికీ చివర పిన్ తీయడం. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాలి.

మొదటి చిక్కు గోడ గీసిన దిక్కు వల్ల వచ్చింది. రెవిట్‌లో గోడ గీసేటప్పుడు మీ ఎడమచేతి వైపు ఎక్స్‌టీరియర్ అవుతుంది. అందుకే బిల్డింగ్ చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కున గీయమంటారు. తూర్పు గోడైతే ప్లాన్‌లో పై నుంచి కిందికి, అంటే ఉత్తరం నుంచి దక్షిణానికి గీయాలి. మీరు కింది నుంచి పైకి గీసి ఉంటారు.

చెరిపి మళ్ళీ గీయక్కర్లేదు. ప్లాన్ వ్యూలో గోడని సెలెక్ట్ చేయండి. జంట బాణాల గుర్తు ఏ పక్క కనిపిస్తే అదే ఎక్స్‌టీరియర్. దాన్ని క్లిక్ చేసినా సరే, స్పేస్‌బార్ నొక్కినా సరే, తిరుగుతుంది. ప్యానెల్‌ని గానీ మలియన్‌ని గానీ సెలెక్ట్ చేసి స్పేస్‌బార్ కొడితే గోడ తిరగదు. గోడ అంచు మీద మౌస్ పెట్టి, చుట్టూ చుక్కల గీత వచ్చేదాకా ట్యాబ్ కొట్టి, అప్పుడు క్లిక్ చేయండి.

తిప్పాక గాజు ఎంత జరుగుతుందో కూడా లెక్కలో పెట్టుకోండి. ప్యానెల్ ఆఫ్‌సెట్ 60 అంటే గోడ గీత నుంచి 60. ఇప్పుడది 60 లోపలికి ఉంది, తిప్పితే 60 బయటికి పోతుంది. అంటే గాజు మొత్తం 120 జరుగుతుంది. ఎదుట బాల్కనీ, సన్‌షేడ్ లాంటివి ముందే మోడల్ చేసి ఉంటే వాటికి తగులుతుందేమో చూడండి. మలియన్‌కి విడిగా ఇంకో ఆఫ్‌సెట్ ఉంటుంది, మలియన్ టైప్ ప్రాపర్టీస్‌లో. రెండూ ఒకే వైపు నడుస్తున్నాయో లేదో సెక్షన్ కట్ చేసి చూడాల్సిందే, ఎలివేషన్‌లో తెలీదు.

సిరిపురం_ఆర్కిటెక్ట్:

ముఖం తిరగబడటాన్ని మామూలు తప్పుగా చూడొద్దు. క్యాప్ లోపలికొచ్చిందన్నది కంటికి కనిపించే నష్టం. కనిపించనిది ఫైర్ ప్యానెల్ (అగ్నిప్రమాదంలో తెరిచే గాజు) దగ్గర ఉంటుంది.

నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, 4వ భాగం ప్రకారం గాజు ముఖానికి ప్రతి అంతస్తులోనూ తెరుచుకునే ప్యానెల్స్ ఉండాలి. బయటి గోడ వెంబడి సెంటర్ నుంచి సెంటర్‌కి 10 మీటర్లు మించకూడదు. సైజు 1000×1000కి తగ్గకూడదు, బయటికి తెరుచుకోవాలి. గోడ ముఖం తిరగబడితే మీ ఓపెనబుల్ ప్యానెల్ ఫ్యామిలీ లోపలికి తెరుచుకుంటున్నట్టు డ్రాయింగ్‌లో వస్తుంది. ఎలివేషన్‌లో అదే త్రికోణం గీతలు కనిపిస్తాయి కాబట్టి ఎవరూ పట్టుకోరు. ప్లాన్‌లో స్వింగ్ చూస్తేనే దొరుకుతుంది.

మీ గ్రిడ్ నిర్ణయం కూడా ఈ 10 మీటర్ల దగ్గరే తేలాలి. 1500 ఎందుకు పెట్టారో తెలీదు గానీ, కాలమ్ 5700 అయినప్పుడు సహజంగా వచ్చేది 1425. నాలుగు బేలు (బే అంటే రెండు నిలువు గీతల మధ్య వెడల్పు) కలిపితే సరిగ్గా 5700. ఏడు బేలు కలిపితే 9975, అంటే 10 మీటర్ల లోపే.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

మేడం, 1500 గాజు షీట్ వేస్టేజ్ తక్కువని పెట్టాం. 1425 అయితే మ్యాగ్జిమం స్పేసింగ్ 1500 పెడితే అదే సర్దుకోదా?

రుషికొండ_బిమ్:

సర్దుకోదు. మ్యాగ్జిమం స్పేసింగ్‌కి మీ కాలమ్స్ సంగతి తెలీదు, గోడ మొత్తం పొడవొక్కటే తెలుసు. 34200ని 1500తో భాగిస్తే 22.8. అది 23 చేసి, ఒక్కో బే 1486.96 ఇస్తుంది. చివర ముక్క మిగలదు, చూడ్డానికి అందంగా ఉంటుంది, కాలమ్స్‌కి మాత్రం రెండు చివర్లా తప్ప ఎక్కడా కలవదు. మధ్య కాలమ్ మీదైనా గీత పడదు, 23 బేసి సంఖ్య కాబట్టి సగం బే పడుతుంది.

గోడని 5700 ముక్కలుగా విడగొడితే మ్యాగ్జిమం స్పేసింగ్ ఒక్కో ముక్కలో 3.8ని 4 చేసి 1425 ఇస్తుంది. కానీ ఆరు గోడలకి ప్రతి కీలు దగ్గరా రెండేసి బోర్డర్ (గోడ అంచు) మలియన్లు ఎదురెదురుగా వస్తాయి. ఆ గొడవ ఎందుకు, ఒకే గోడ ఉంచి ఫిక్స్‌డ్ డిస్టెన్స్ 1425 ఇవ్వండి. సరిగ్గా 24 బేలు, మిగులు సున్నా. మిగులు లేనప్పుడు జస్టిఫికేషన్ బిగినింగ్ అన్నా ఎండ్ అన్నా ఒకటే.

ఫిక్స్‌డ్ నంబర్ కూడా వాడొచ్చు. అప్పుడు సంఖ్య టైప్‌లో ఉండదు, గోడ ఇన్‌స్టాన్స్ ప్రాపర్టీస్‌లో ఉంటుంది. అక్కడ ఇచ్చేది గీతల లెక్క, ప్యానెళ్ళది కాదు. 24 బేలు కావాలంటే 23 కొట్టాలి. రేపు పొడవు మారితే ఇది అన్ని బేలనీ సాగదీస్తుంది, ఫిక్స్‌డ్ డిస్టెన్స్ అయితే చివర ముక్క చూపిస్తుంది. నేనైతే చివర ముక్క కనిపించడమే మేలంటాను, పొడవు మారిందని వెంటనే తెలుస్తుంది.

గాజువాక_ఫ్యాబ్రికేటర్:

అడ్జస్ట్ ఫర్ మలియన్ సైజ్ అనే టిక్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పెట్టారా తీశారా? దాని వల్లే సగం గొడవలు.

లోపలి గీతల మీద మలియన్ సెంటర్‌లో కూర్చుంటుంది, 25 ఇటు, 25 అటు. చివర గీత మీద మాత్రం బయటి అంచు గోడ చివరకి సమంగా కూర్చుంటుంది, అంటే 50 మొత్తం లోపలికే. కాబట్టి టిక్ లేకపోతే 1425 బేలో మధ్య గాజు వెడల్పు 1375, రెండు చివర్లా ఉన్న గాజులు 1350. ఒక వరసకి 22 గాజులు ఒక సైజు, 2 గాజులు ఇంకో సైజు.

టిక్ పెడితే అన్నీ సమానం అవుతాయి: 34200లోంచి 25 మలియన్లు తీసేస్తే 32950, దాన్ని 24తో భాగిస్తే 1372.9. బాగుంది కదా అనుకుంటే గీతలన్నీ జరిగిపోతాయి. మొదటి కాలమ్ గీత 5700 దగ్గర ఉండాల్సింది 5716.7కి పోతుంది. మొదటి మలియన్ అయితే 23 మి.మీ. దాకా జరుగుతుంది. గోడ మధ్యకి వచ్చేసరికి మళ్ళీ కలుస్తుంది. అందుకే ఎవరో ఒకరు మధ్యలో డైమెన్షన్ కొట్టి చూసి "సరిగ్గానే ఉంది" అనేస్తారు.

బ్రాకెట్లు కాలమ్ సెంటర్ లెక్కన స్లాబ్ మీద మార్క్ చేసేవాళ్ళకి ఈ 16.7 పెద్ద తలనొప్పి. కాలమ్‌తో కలవాలంటే టిక్ తీసేయండి, చివర రెండు గాజులు వేరే సైజని ఒప్పుకోండి. వరసకి రెండే కదా.

ఎన్ఏడీ_కొత్తరోడ్:

టిక్ తీసేసి, టైప్ పేరులోనే "1425 కాలమ్ సెంటర్" అని రాసి పెట్టండి. లేకపోతే ఇంకొకరెవరో మంచి చేద్దామని మళ్ళీ టిక్ పెడతారు.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

1425 పెట్టి టిక్ తీశాను, గీతలన్నీ కాలమ్స్ మీద కూర్చున్నాయి. గోడ కూడా తిప్పాను. ఇప్పుడు అడ్డ గీతలు. హారిజాంటల్ ఫిక్స్‌డ్ డిస్టెన్స్ 3600 ఇస్తే గ్రౌండ్ ఫ్లోర్ 4500 కాబట్టి పైదాకా తప్పుతోంది.

రుషికొండ_బిమ్:

గోడ సెలెక్ట్ చేసి ఇన్‌స్టాన్స్ ప్రాపర్టీస్‌లో హారిజాంటల్ గ్రిడ్ కింద జస్టిఫికేషన్ బిగినింగ్, ఆఫ్‌సెట్ 900 ఇవ్వండి. గీతలు 900, 4500, 8100, 11700, 15300, 18900, 22500 దగ్గర పడతాయి. మొదటి 900 గ్రౌండ్ ఫ్లోర్ సిల్‌కి పనికొస్తుంది, అక్కర్లేదంటే ఆ ఒక్క గీత పిన్ తీసి డిలీట్ చేయండి. మిగతా ఆరూ మీ లెవెల్స్. 22500 పైన 1200 ప్యారపెట్.

ఈ లెక్క బేస్ ఆఫ్‌సెట్ సున్నా ఉంటేనే. గాజుని ప్లింత్ కిందికి 150 దించి ఉంటే బేస్ ఆఫ్‌సెట్ మైనస్ 150 అవుతుంది. గీతలు గోడ అడుగు నుంచి కొలుస్తారు కాబట్టి గ్రిడ్ ఆఫ్‌సెట్ 1050 చేయాలి.

ఇదే పని బొమ్మలో కూడా చేయొచ్చు. ఎలివేషన్‌లో గోడ సెలెక్ట్ చేస్తే మధ్యలో కాన్ఫిగర్ గ్రిడ్ లేఅవుట్ గుర్తు వస్తుంది. నొక్కితే బాణాలు, కోణం, ఆఫ్‌సెట్ అంకెలు గోడ మీదే కనిపిస్తాయి. అంకె మీద క్లిక్ చేసి కొత్త విలువ కొట్టడమే. జస్టిఫికేషన్ ఏ చివర్నుంచి మొదలవుతోందో తెలుసుకోడానికి ప్రాపర్టీస్ కంటే ఇదే నయం. ఏ గోడకైనా తిప్పిన తర్వాత ఒకసారి ఇది తెరిచి చూడండి, ముఖ్యంగా చివర్లో మిగులు ముక్క ఉన్న గోడలకి.

సిరిపురం_ఆర్కిటెక్ట్:

లెవెల్ గీతలు వచ్చాయి సరే, స్లాబ్ ముందర స్పాండ్రల్ (స్లాబ్ అంచుని దాచే పట్టీ) కూడా కావాలి కదా. ప్రతి స్లాబ్ కింద 600, ఫ్లోర్ పైన 900 దగ్గర గీతలు. వీటిని టైప్‌లో పెట్టలేరు, అంతరాలు సమానంగా లేవు. ఆర్కిటెక్చర్ ట్యాబ్‌లో కర్టెన్ గ్రిడ్ టూల్ తీసుకుని ఎలివేషన్‌లో పెట్టండి. పైన ఆల్ సెగ్మెంట్స్ ఎంచుకుంటే గోడ పొడవునా పడుతుంది, వన్ సెగ్మెంట్ ఎంచుకుంటే ఒక్క గడిలోనే. పెట్టాక తాత్కాలిక డైమెన్షన్ మీద 600 అని కొట్టండి. ఈ గీతలు టైప్‌కి సంబంధం లేనివి, వీటికి పిన్ ఉండదు. తర్వాత టైప్‌లో 3600 మార్చితే లెవెల్ గీతలు కదులుతాయి, ఇవి ఉన్నచోటే ఉంటాయి. ఫ్లోర్ ఎత్తులు ఖరారయ్యాకే పెట్టండి.

ఆ 900 గీత పైన ఉన్న గడిలోనే ఫైర్ ప్యానెల్. గీత నుంచి సీలింగ్ గీత దాకా 3600లో 900, 600 పోగా 2100. మలియన్లు పోను వెడల్పు 1375. దాని సొంత ఫ్రేమ్ పోయినా 1000కి తగ్గదు. 24 బేలలో 2, 9, 16, 23 ఎంచుకోండి. ఒక్కోదాని మధ్యా ఏడు బేలు, 9975. ఎలివేషన్ రెండు వైపులా సమంగా కూడా ఉంటుంది. తెరిచే హ్యాండిల్ ఫ్లోర్ నుంచి 1200, 1500 మధ్య రావాలి.

మూల తిరిగాక కూడా ఆ 10 మీటర్లు కొనసాగుతాయి. 23వ బే సెంటర్ నుంచి మూలకి 2137.5. కాబట్టి పక్క గోడలో మొదటి ప్యానెల్ సెంటర్ మూల నుంచి 7862కి మించి ఉండకూడదు.

స్ట్రక్చరల్_సీతమ్మధార:

బే 1425 అని, మలియన్ 50×150 అని తేల్చేశారు. గాలి సంగతో? ఇది వైజాగ్ కదా.

ఐఎస్ 875 మూడో భాగం 2015లో విశాఖపట్నానికి బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకి 50 మీటర్లు. గుణకాలన్నీ 1 అనుకున్నా పీడనం 0.6×50×50, అంటే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. 1425 బేకి ఒక్కో మలియన్ మీద మీటరుకి 2.14 కిలోన్యూటన్లు. 3600 స్పాన్‌కి (ఆధారాల మధ్య దూరం) వంగడం స్పాన్‌లో 175వ వంతు, అంటే 20.6 మి.మీ.కి పరిమితం చేస్తే అల్యూమినియం సెక్షన్‌కి జడత్వ భ్రామకం (వంగకుండా నిలబడే శక్తికి కొలత) సుమారు 325 సెం.మీ.⁴ కావాలి. 50×150, గోడ మందం 3 మి.మీ. బాక్స్‌కి వచ్చేది దాదాపు 311. పై అంతస్తుల్లోనే అంచుమీద తప్పింది.

గ్రౌండ్ ఫ్లోర్ 4500 స్పాన్‌కి అదే లెక్కన దాదాపు 634 కావాలి, అంటే రెట్టింపు. ఇంకా ఇందులో భవనం ఎత్తు, చుట్టుపక్కల భూమి రకం, కొండ వాలు, మూలల దగ్గర పెరిగే సక్షన్ (గాలి బయటికి లాగడం) ఏవీ కలపలేదు. సముద్ర తీరం నుంచి 60 కి.మీ. లోపు తుపాను ప్రాంతానికి కె4 గుణకం కూడా ఉంది. మామూలు భవనాలకి అది 1, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రుల్లాంటి వాటికి 1.30. రుషికొండ వాలు మీద కె3 (కొండ వాలుకి ఇచ్చే గుణకం) ఊరికే 1 అనుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది, గాజు ముఖాలకి ఏమైందో ఊరంతా చూసింది.

ఇవి అంచనా లెక్కలు మాత్రమే, డిజైన్ ఫసాడ్ (భవనం ముఖం) ఇంజనీర్ చేయాలి. మోడల్‌లో మాత్రం ఇప్పుడే 50×150ని ఖరారు చేసి గాజు సైజుల షెడ్యూల్ (పట్టిక) పంపకండి. మలియన్ వెడల్పు 60 అయితే మధ్య గాజు 1365 అవుతుంది.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

అయితే గ్రౌండ్ ఫ్లోర్‌కి వేరే మలియన్ పెట్టాలి. ఒకే గోడలో కింద ఒకటి, పైన ఒకటి ఎలా?

రుషికొండ_బిమ్:

రెండు దారులు. ఒకే గోడ ఉంచి 4500 కింద ఉన్న నిలువు మలియన్ ముక్కలని సెలెక్ట్ చేసి, పిన్ తీసి, టైప్ మార్చొచ్చు. 25 మలియన్లు, అందులోనూ 900 గీత వల్ల ఒక్కోటి రెండు ముక్కలు. ఏదో ఒకటి తప్పిపోతుంది.

లేదంటే 4500 దగ్గర గోడనే రెండు చేయండి. కింది గోడకి టాప్ కన్‌స్ట్రెయింట్ మొదటి అంతస్తు, పై గోడకి బేస్ మొదటి అంతస్తు. రెండు టైపులు. పై దానికి హారిజాంటల్ ఆఫ్‌సెట్ సున్నా, 3600 చొప్పున లెవెల్స్ మీదే పడతాయి. కీలు దగ్గర మాత్రం కింది గోడ పై బోర్డర్, పై గోడ కింది బోర్డర్ రెండూ పడి 100 మి.మీ. పట్టీ అవుతుంది. టైప్‌లో హారిజాంటల్ మలియన్స్ కింద బోర్డర్ 1 కిందిది, బోర్డర్ 2 పైది. పై గోడ టైప్‌లో బోర్డర్ 1ని నన్ (None, అంటే ఏదీ లేదు) చేయండి. అప్పుడు ట్రాన్సమ్ (అడ్డ మలియన్) ఒక్కటే ఉంటుంది, పూర్తిగా కింది గోడలో. మీ 4500 గీతకి సెంటర్‌లో కాకుండా 50 మొత్తం గీత కిందే ఉంటుంది, డీటెయిల్‌లో గుర్తుపెట్టుకోండి.

గాజువాక_ఫ్యాబ్రికేటర్:

రెండో దారే నా ఓటు. సైట్‌లో కూడా మలియన్ జాయింట్ అక్కడే వస్తుంది, స్లీవ్ పెట్టి ఎక్స్‌పాన్షన్ గ్యాప్ ఇస్తాం. మోడల్, సైట్ ఒకే మాట చెబుతాయి.

మలియన్ ఆగకుండా పైకి పోవాలంటే జాయిన్ కండిషన్ చూసుకోండి. టైప్ ప్రాపర్టీస్‌లో బోర్డర్ అండ్ వర్టికల్ గ్రిడ్ కంటిన్యువస్ పెడితే నిలువు మలియన్లు ఆగకుండా పోతాయి, ట్రాన్సమ్‌లు మధ్యలో ముక్కలవుతాయి. స్టిక్ సిస్టమ్ అంటే అదే. ఇది నాట్ డిఫైన్డ్‌గా వదిలేసి మలియన్ షెడ్యూల్ తీస్తే కటింగ్ పొడవులు కలగాపులగం అవుతాయి. ఒక్కచోట మాత్రమే మార్చాలంటే మలియన్ సెలెక్ట్ చేసి చివర వచ్చే చిన్న గుర్తు నొక్కండి, లేదా రైట్ క్లిక్‌లో మేక్ కంటిన్యువస్.

కొత్తగా_నేర్చుకుంటున్నా:

సార్, చిన్న డౌట్. నేను గుండ్రటి కర్టెన్ వాల్ గీస్తే తిన్నగా వస్తోంది. రేడియస్ 9000. ఇది బగ్గా?

రుషికొండ_బిమ్:

బగ్ కాదు బాబు. సిస్టమ్ ప్యానెల్ ఎప్పుడూ చదునే. నిలువు గీత ఒక్కటీ లేకపోతే గోడంతా ఒకే ప్యానెల్, ఆ చివర నుంచి ఈ చివరకి తిన్నగా లాగేస్తుంది. వర్టికల్ గ్రిడ్ వేసిన కొద్దీ వంపు కనిపిస్తుంది. 9000 రేడియస్‌కి 1425 బే అయితే గాజు మధ్యలో వంపు నుంచి 28 మి.మీ. లోపలికి ఉంటుంది. 712 చేస్తే 7 మి.మీ. స్లాబ్ అంచు నిజమైన వంపులో పోస్తారు కాబట్టి ఆ 28 క్లియరెన్స్‌లోంచి పోతుంది.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

ఎంట్రన్స్ వాలు గీతల సంగతి మిగిలింది. వర్టికల్ గ్రిడ్ యాంగిల్ 15 ఇచ్చాను. డోర్ టైప్ ఎంచుకుంటే ఎర్రర్.

సిరిపురం_ఆర్కిటెక్ట్:

యాంగిల్‌కి మైనస్ 89 నుంచి 89 దాకా ఏదైనా ఇవ్వొచ్చు. కానీ యాంగిల్ ఇచ్చాక గడులు సమాంతర చతుర్భుజాలు, చివర్లో త్రికోణాలు. డోర్ ఫ్యామిలీ గానీ, లోడ్ చేసుకున్న ప్యానెల్ ఫ్యామిలీ గానీ దీర్ఘచతురస్రం గడిలోనే కూర్చుంటాయి. వాలు గడిలో సిస్టమ్ ప్యానెల్ ఒక్కటే పనిచేస్తుంది.

ఎంట్రన్స్ బేలని వేరే గోడ చేయండి. రెండు బేలు, 2850 పొడవు, ఎత్తు 2400, యాంగిల్ సున్నా. దాని పైన 2400 నుంచి 4500 దాకా ఇంకో గోడ, అందులో 15 డిగ్రీలు. వాలు ఇన్‌స్టాన్స్ ప్రాపర్టీ కాబట్టి టైప్ కొత్తది అక్కర్లేదు. డబుల్ డోర్‌కి ఆ రెండు గడులు ఒకటి కావాలి. మధ్య గీత సెలెక్ట్ చేసి యాడ్ రిమూవ్ సెగ్మెంట్స్ నొక్కి, డోర్ ఎత్తులో ఉన్న ముక్కని క్లిక్ చేస్తే రెండు ప్యానెల్స్ ఒకటవుతాయి. గీత ఎక్కడికీ పోదు, ఆ ముక్క మాత్రమే దాక్కుంటుంది. మళ్ళీ అదే చోట క్లిక్ చేస్తే తిరిగొస్తుంది.

తర్వాత ట్యాబ్‌తో ప్యానెల్ పట్టుకుని, పిన్ తీసి, టైప్ సెలెక్టర్‌లో కర్టెన్ వాల్ డోర్ ఎంచుకోండి. జాబితాలో లేకపోతే డోర్స్ ఫోల్డర్ నుంచి కర్టెన్ వాల్ డోర్ లోడ్ చేయాలి, మామూలు డోర్ కనిపించదు. ఆఖరికి డోర్ కింద బోర్డర్ మలియన్ మిగిలి ఉంటుంది, కాలికి తగిలే 50 మి.మీ. గడప లాగా. దాని పిన్ తీసి డిలీట్ చేయండి, డోర్ నేలదాకా దిగుతుంది.

ఎన్ఏడీ_కొత్తరోడ్:

ఈ గడప ఉన్న డ్రాయింగ్‌లు చాలానే టెండర్ దాకా పోతాయి. రెండరింగ్‌లో ఎవరికీ కనపడదు.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

డోర్ కూర్చుంది, గడప కూడా తీసేశాను. తూర్పు, ఉత్తరం గోడలు కలిసే మూల ఒకటి ఉంది. రెండు మలియన్లు ఒకదాంట్లో ఒకటి దూరి వార్నింగ్ వస్తోంది.

రుషికొండ_బిమ్:

రెండు గోడలకీ బోర్డర్ మలియన్ ఉండటం వల్ల. మూలకి ఒకటే మలియన్, అది కార్నర్ మలియన్. ఎల్, వి, ట్రాపిజాయిడ్, క్వాడ్ అని నాలుగు రకాలు. ఉత్తరం గోడ టైప్‌లో ఆ చివర బోర్డర్‌ని నన్ చేసి, తూర్పు గోడ టైప్‌లో ఆ చివర బోర్డర్‌కి ఎల్ కార్నర్ ఎంచుకోండి. గోడలు రెండూ ఎండ్ టు ఎండ్ నిజంగా కలవాలి, 5 మి.మీ. తేడా ఉన్నా మలియన్ వంకర తిరుగుతుంది. ఇంకా, ఆ మూలలో వచ్చే బే గాజు వెడల్పు కార్నర్ మలియన్ లెగ్ పొడవు బట్టి మారుతుంది, ఇందాకటి 1350 అక్కడ వర్తించదు.

బోర్డర్ 1, 2లో ఏది ఏ చివరో ఊహించకండి. ఒకదాన్ని మార్చి ఎలివేషన్‌లో చూడటమే సులువు.

స్ట్రక్చరల్_సీతమ్మధార:

ఉత్తరం గోడ కూడా గాజే అంటున్నారు కాబట్టి ఒక మాట. మోడల్‌లో పైకి చూపించే ఉత్తరం ప్రాజెక్ట్ నార్త్ (గీయడానికి వీలుగా పెట్టుకున్న ఉత్తరం) మాత్రమే. ఇక్కడి తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా పోతుంది, ప్లాట్లు కూడా దానికి తగ్గట్టే తిరిగి ఉంటాయి. మీరు "తూర్పు" అంటున్న ముఖం నిజానికి ఆగ్నేయం అయ్యుండొచ్చు.

సిరిపురం_ఆర్కిటెక్ట్:

అవునండీ, ఇది ముందే సరిచేసుకోవాలి. సైట్ ప్లాన్ వ్యూ ప్రాపర్టీస్‌లో ఓరియెంటేషన్‌ని ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) చేసి, మేనేజ్ ట్యాబ్‌లో పొజిషన్ కింద రొటేట్ ట్రూ నార్త్‌తో సర్వే ప్రకారం తిప్పండి. మిగతా వ్యూలు ప్రాజెక్ట్ నార్త్‌లోనే ఉంటాయి, గోడలేవీ కదలవు. ఇది చేయకుండా సన్ పాత్ ఆన్ చేసి నీడలు చూపిస్తే ఆ నీడలు వేరే ప్లాట్‌వి.

ఉత్తరం గోడకి ఎండ రాదనుకోవద్దు. మనం 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరంగా ఉంటాడు.

రుషికొండ_బిమ్:

గోడలు ఎక్కువుంటే ముఖం తిరగబడినవి ఒక్కొక్కటీ చూడటం కష్టం. ప్యానెల్ ఫ్యామిలీలో బయటి ముఖానికి ఎర్ర మెటీరియల్, లోపలి ముఖానికి తెలుపు ఇచ్చి తాత్కాలికంగా అన్ని టైపులకీ పెట్టండి. త్రీడీ చుట్టూ తిప్పితే తెల్లగా కనిపించినవన్నీ తప్పు. డైనమో (రెవిట్‌లో స్క్రిప్ట్ రాసే టూల్) వచ్చినవాళ్ళు పైథాన్ నోడ్‌లో గోడ ఓరియెంటేషన్ ప్రాపర్టీ చదవొచ్చు, ఎక్స్‌టీరియర్ వైపు చూసే వెక్టర్ ఇస్తుంది. అది కూడా ప్రాజెక్ట్ నార్త్ లెక్కే, దిక్కుల వారీగా విడదీయాలంటే ట్రూ నార్త్ కోణం కలపాలి.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

తూర్పు గోడలో రెండు తెల్లగా వచ్చాయి, ఎంట్రన్స్ ముక్కలు. తిప్పేశాను. స్పాండ్రల్ గీతలని లెవెల్‌కి అలైన్ చేసి లాక్ వేయడం మంచిదేనా?

రుషికొండ_బిమ్:

పిన్ లేని గీతలకి అలైన్ పనిచేస్తుంది. దాని షార్ట్‌కట్ ఏఎల్ కొట్టి, ముందు రిఫరెన్స్ ప్లేన్, తర్వాత కర్టెన్ గ్రిడ్ గీత. లాక్ మాత్రం వద్దు. పది గీతలకి పది లాక్‌లు వేశాక ఎవరో ఒక లెవెల్ ఎత్తు మార్చితే కన్‌స్ట్రెయింట్స్ నాట్ శాటిస్‌ఫైడ్ అని వస్తుంది. వాళ్ళు రిమూవ్ కన్‌స్ట్రెయింట్స్ నొక్కి ముందుకు పోతారు, ఏ లాక్ ఊడిందో మీకు తెలీదు.

గాజువాక_ఫ్యాబ్రికేటర్:

షెడ్యూల్ పంపేముందు రెండు విషయాలు. కర్టెన్ ప్యానెల్ షెడ్యూల్‌లో వెడల్పు 1375 అని వచ్చేది మలియన్ అంచు నుంచి అంచు దాకా. కటింగ్ సైజు అది కాదు. గాజు ఫ్రేమ్ లోపలికి ఎంత పోతుందో సిస్టమ్ కేటలాగ్‌లో ఉంటుంది. పక్కకి 12 అయితే 1399, ఎత్తుకి కూడా అలాగే. టఫెన్ చేశాక (వేడిచేసి గట్టిపరిచాక) గాజుని కోయలేం, అంగుళం తప్పితే పారేయడమే.

రెండోది, డోర్ పెట్టిన గడులు ప్యానెల్ షెడ్యూల్‌లో రావు, డోర్ షెడ్యూల్‌లోకి పోతాయి. స్పాండ్రల్ వెనక మామూలు గోడని ప్యానెల్‌గా పెట్టి ఉంటే అది వాల్ షెడ్యూల్‌లో ఉంటుంది. మూడూ కలిపి, గడుల మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకుని పంపండి. స్క్రూలు, యాంకర్లు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అని నోట్‌లో రాయండి, తీరం దగ్గర 304కి తుప్పు మచ్చలు పడతాయి.

మద్దిలపాలెం_డ్రాఫ్టర్:

మలియన్ సెక్షన్ ఫసాడ్ ఇంజనీర్ నుంచి వచ్చేదాకా షెడ్యూల్ ఆపుతున్నాను. 60 వెడల్పు వస్తే టైప్‌లో మలియన్ మార్చితే చాలు కదా, గ్రిడ్ ముట్టుకోనక్కర్లేదుగా?

రుషికొండ_బిమ్:

గ్రిడ్ కదలదు, మధ్య గాజు 1365, చివరవి 1335 అవుతాయి. కానీ పిన్ తీసిన మలియన్లు టైప్ మాట వినవు, 50 లోనే ఉండిపోతాయి. మలియన్ షెడ్యూల్‌లో టైప్ పేరు మీద సార్ట్ చేయండి, పాత 50×150 ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడే కనిపిస్తుంది. ఎంట్రన్స్ గోడ దగ్గర మొదట వెతకండి.